తీసిన ఫొటోలు, దిగిన ఫొటోలు

మా ఊళ్ళో ఒక ఫొటో క్లబ్బుంది. మా అమ్మాయి కొత్త కెమెరా కొనుక్కుని తన పాత నికాన్ నాకిచ్చేసింది. రిటైరయ్యాక పొద్దు గడవక, అది మెళ్ళో వేసుకుని ఆ క్లబ్బులో చేరదామని వెళ్ళాను. ఫారంలో పేరు, వయసు, కెమెరా మోడల్ తర్వాత ఒక గడి ఉంది: 'మీకు స్ఫూర్తినిచ్చిన ఫొటోగ్రాఫర్లు'. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పినదాన్ని. నచ్చిన కథకులెవరని అడిగితే అదనపు కాయితాలు అడిగి మరీ నింపుతాను. ఆ గడి దగ్గర మాత్రం కలం కదల్లేదు. కార్యదర్శి కుర్రాడు నా అవస్థ చూసి, "రఘురాయ్ అని రాయండి మేడమ్. కార్టియే బ్రెసాన్, ఆన్సెల్ ఆడమ్స్, స్టీవ్ మెకరీ... అందరూ ఇవే రాస్తారు" అన్నాడు. రాసేశాను.

నాలుగూ మగవాళ్ళ పేర్లేనన్న సంగతి ఇంటికొచ్చి కాఫీ కలుపుకుంటుంటే తట్టింది. సాహిత్యంలో ఎక్కడ ఏ రచయిత్రి పేరు జారిపోయినా వెంటనే చెయ్యెత్తే అలవాటున్న నాకు ఇది అప్పటిదాకా తట్టకపోవడం సిగ్గనిపించింది. ఆ సిగ్గుతోనే వెతకడం మొదలుపెట్టాను. పేర్లు దొరికాయి. అయితే ఆ నాలుగు పేర్లూ కొట్టేసి నాలుగు ఆడపేర్లు రాస్తే తేలిపోయే లెక్క కాదని తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది. అది చెప్పింది పుస్తకాలు కాదు. మిరపకాయల కల్లంలో పనిచేసే ఒకామె.

ఫిబ్రవరి ఆఖరు. గుంటూరు చుట్టుపక్కల ఎటు వెళ్ళినా కల్లాలన్నీ ఎర్రగా పరుచుకుని ఉంటాయి. ఫొటోలు తీసేవాళ్ళకి అది పండగ సీజను. క్లబ్బు వాళ్ళం ఏడెనిమిది మందిమి ఓ ఆదివారం తెల్లారేసరికి ఒక ఊరు చేరాం. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. ఘాటుకి మాకు నిమిషానికో తుమ్ము. వాళ్ళు ముక్కులకి పైటచెంగులు కట్టుకుని పని చేసుకుపోతున్నారు. అందులో ఒకామె ఒక క్షణం ఆగి, వేళ్ళు తగలకుండా మణికట్టుతో నుదురు తుడుచుకుంది. కళ్ళు చిట్లించి, మొహం పైకెత్తింది. పక్కనుంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. జూమ్ లెన్సు లోంచి చూస్తున్న నేను నొక్కేశాను. ఆమెకి తెలియదు. నేను పదిహేను గజాల దూరంలో, గోతాల వెనక ఉన్నాను.

ఆ ఫొటోకి క్లబ్బు పోటీలో మొదటి బహుమతి వచ్చింది. మూడువేల రూపాయలు, ఒక సర్టిఫికెట్టు. 'ఎర్రబంగారం' అని పేరు పెట్టింది కార్యదర్శే. పేపరువాళ్ళు జిల్లా ఎడిషన్‌లో వేశారు. కింద నా పేరుంది. ఆమె పేరు లేదు. ఎలా ఉంటుంది, నేనడిగితే గదా!

పెద్ద ప్రింటొకటి వేయించి, ఆమెకిద్దామని వెళ్ళాను. నా మంచితనానికి నేనే మురుసుకుంటూ వెళ్ళానని ఒప్పుకోవాలి. ముఠా మేస్త్రి ఇల్లు చూపించాడు. ఆమె చేతులు కడుక్కొచ్చి, ఫొటో పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది నేనేనా అమ్మగారూ?"

"నువ్వే. ఎంత బాగా వచ్చిందో చూడు."

"పేపర్లో కూడా ఏశారంటగా. మా పిల్ల అత్తగారోళ్ళు చూశారంట."

ఇంకా మెచ్చుకోలు కోసమే చూస్తున్నాను. ఆమె ఫొటో పక్కన పెట్టి, నెమ్మదిగా అంది. "సంబంధం కలుపుకునేటప్పుడు కౌలు చేసుకుంటన్నామని చెప్పాం. కూలికి పోతన్నానని చెప్పలా. ఇప్పుడు దాన్ని రోజూ అంటన్నారంట." నా దగ్గర సమాధానం లేదు. ఆమె మళ్ళీ తనే అంది. "అడిగితే దిగేదాన్ని గదమ్మా. మొకం కడుక్కుని, మంచి కోక కట్టుకుని దిగేదాన్ని. మీరు చెప్పకుండా తీసకపోయారు."

బస్సెక్కాక గమనించాను. నేనామెని మొదటి మాటలోనే 'నువ్వు' అన్నాను. మా ఇద్దరి వయసూ ఇంచుమించు ఒకటే.

ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. దిగడం. మన భాషలో ఫొటోకి రెండు క్రియలున్నాయి. కెమెరా వెనకున్న మనిషి ఫొటో 'తీస్తుంది'. కెమెరా ముందున్న మనిషి ఫొటో 'దిగుతుంది'. పెళ్ళిలో దిగుతాం, తిరునాళ్ళలో దిగుతాం, పిల్లాడికి ఏడాది నిండితే స్టూడియోకి తీసుకెళ్ళి దిగుతాం. దిగడం మనం చేసే పని. ఒకరు మనకి చేసేది కాదు. దానికి తల దువ్వుకోవడం, పైట సర్దుకోవడం, ఎవరి పక్కన నిలబడాలో తేల్చుకోవడం, ఊపిరి బిగబట్టడం, ఇన్ని ఉన్నాయి. నేను తీసిన ఫొటోలో రెండో క్రియ లేదు. ఆమె ఫొటో దిగలేదు. ఉత్తినే తీయబడింది. 'బడు' ధాతువు తెలుగుకి నప్పదని పిల్లలకి నేనే చెప్పేదాన్ని. ఇక్కడ మాత్రం అదే సరైన మాట.

ఇది నా ఒక్కదాని తప్పుగా చెప్పుకుని కన్నీళ్ళు పెట్టుకోదల్చుకోలేదు. ఆ తప్పుకి ఒక సౌందర్యశాస్త్రం ఉంది. మా క్లబ్బులో భగవద్గీతలా చెప్పుకునే మాట 'నిర్ణయాత్మక క్షణం'. కార్టియే బ్రెసాన్ 1952లో వేసిన పుస్తకానికి ఇంగ్లీషులో పెట్టిన పేరు అది. అసలు ఫ్రెంచి పేరు 'ఇమాజ్ ఆ లా సోవెత్'. హడావుడిగా, దొంగచాటుగా పట్టుకున్న బొమ్మలని దాని భావం. ఇంగ్లీషు పేరులో తీసేవాడి ప్రతిభ కనిపిస్తుంది, ఫ్రెంచి పేరులో తీసే పద్ధతి కనిపిస్తుంది. ఆయన గొప్ప ఫొటోగ్రాఫర్ కాదని నేననడం లేదు. ఆయన వేసిన దారిలో నడిచిన నాకు, అవతలి మనిషికి తెలియకపోవడమే ఫొటోకి సహజత్వం తెస్తుందని నమ్మకం కుదిరింది. తెలిస్తే 'పోజు' అవుతుంది. పోజు తక్కువ రకం. ఆ కల్లంలో ఆమెకి చెప్పకపోవడం నాకప్పుడు మర్యాద తక్కువగా తోచలేదు. కళగా తోచింది.

డొరోతియా లాంగ్ ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. పేరు తెలియకపోయినా బొమ్మ తెలుసు. చింకి బట్టల్లో ఒక తల్లి, గడ్డం దగ్గర చెయ్యి, అటూ ఇటూ మొహాలు తిప్పుకున్న పిల్లలు, ఒళ్ళో పసిపాప. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠానీ కోతకొచ్చి పని దొరక్క నిలిచిపోయిన కూలీల గుడారాల మధ్య తీసింది. 'వలస తల్లి' అన్న పేరుతో అది అమెరికా ఆర్థిక మాంద్యానికి గుర్తుగా నిలిచిపోయింది. లాంగ్ నాకిష్టం. చిన్నప్పుడు పోలియో వచ్చి జీవితమంతా కుంటుతూ నడిచిన మనిషి. శాన్ ఫ్రాన్సిస్కోలో ధనవంతుల ఫొటోలు తీసే స్టూడియో నడుపుతూ, కిటికీ లోంచి రొట్టె కోసం నిలబడ్డ జనాన్ని చూసి వీధిలోకి వచ్చింది. ఆమె చిత్రాలు పత్రికల్లో వచ్చాకే ప్రభుత్వం ఆ గుడారాలకి తిండిగింజలు పంపింది. కాబట్టి ఆ ఫొటో వల్ల మేలు జరిగింది. కానీ ఆ తల్లీ పిల్లలూ అప్పటికే అక్కణ్ణుంచి వెళ్ళిపోయారు.

లాంగ్ ఆమె పేరడగలేదు. 1978లో ఒక విలేకరి వెతికి పట్టుకునేదాకా ఆ తల్లి పేరు లోకానికి తెలియదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. చెరోకీ తెగ మనిషి. తెల్ల రైతు స్త్రీ దైన్యానికి ప్రతీకగా అమెరికా నలభై ఏళ్ళు గుండెలకి హత్తుకున్న ముఖం ఒక ఆదివాసీ స్త్రీదన్నమాట! ఆ ఫొటో తీయకుండా ఉంటే బాగుండేదని ఆమె చెప్పింది. దానివల్ల తనకి పైసా రాలేదని, పేరడగలేదని, తమ గురించి రాసినదాంట్లో తప్పులున్నాయని ఆమె బాధ. డబ్బు సంగతికొస్తే, ప్రభుత్వ జీతం మీద తీసిన ఫొటో గనక లాంగ్‌కీ దానిమీద హక్కు లేదు. నా మనసుకి తగిలింది డబ్బు కాదు. ఫ్లోరెన్స్ ఆ తర్వాత పిల్లల్ని పెంచింది, కూలీల సంఘాలు కట్టడంలో పాలుపంచుకుంది. ఫొటో మాత్రం ఆమెని ఆ గుడారంలోంచి బయటికి రానివ్వలేదు. ఫొటోలో కాలం ఆగిపోవడాన్ని మనం అందం అంటాం. ఆగిపోయింది ఎవరి కాలం?

అంతర్జాలంలో లాంగ్ గురించి చదువుతూ ఫ్లోరెన్స్ మాట దగ్గరికి వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పేరడగకపోవడం అనే ఒక్క విషయంలో మాత్రం నేను డొరోతియా లాంగ్‌తో సమానురాలినయ్యాను.

మన దేశంలో ఎవరున్నారని చూస్తే, సబీనా గడిహోక్ 1998లో తీసిన 'త్రీ విమెన్ అండ్ ఎ కెమెరా' అనే డాక్యుమెంటరీ దారి చూపించింది. హోమాయ్ వ్యారావాలా, షీబా ఛాఛీ, దయానితా సింగ్. ముగ్గురు స్త్రీలు, ముగ్గురివీ మూడు దార్లు. వీళ్ళ చిత్రాలు వెతుక్కుంటూ వెళ్ళడమే నా అసలు ఫొటోగ్రఫీ చదువు.

హోమాయ్ 1913లో నవసారిలో పుట్టిన పార్శీ. పత్రికా ఫొటోగ్రఫీని వృత్తిగా చేసుకున్న తొలి భారతీయ స్త్రీగా ఆమెని చెప్పుకుంటాం. ఆమె మొదటి ఫొటోలు అచ్చయింది మాత్రం భర్త మానెక్‌షా పేరుతో. తర్వాత 'డాల్డా 13' అని కలంపేరు లాంటి కెమెరా పేరొకటి పెట్టుకుంది. కారు నంబరు డి.ఎల్.డి. 13, అందుకని! 1942 నుంచి ఢిల్లీలో, చీర కట్టుకుని, బరువైన పరికరాలు మోసుకుంటూ సైకిలు మీద తిరిగి ఫొటోలు తీసింది. దేశ విభజన నిర్ణయం జరిగిన సమావేశం, ఎర్రకోట మీద తొలి జెండా, గాంధీ అంతిమయాత్ర, నోట్లో సిగరెట్టుతో ఇంకొకావిడ సిగరెట్టు వెలిగిస్తున్న నెహ్రూ. 1970లో, భర్త పోయిన కొద్దికాలానికే కెమెరా కింద పెట్టేసింది. కొత్తగా వచ్చిన ఫొటోగ్రాఫర్ల తోపులాట, మర్యాద లేనితనం ఆమెకి పడలేదు. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 2012లో పోయింది.

ఆమెని చూసి పొంగిపోతాను. కానీ నా ప్రశ్నకి ఆమె దగ్గర సమాధానం పెద్దగా దొరకలేదు. ఆమె కెమెరా చూసింది ఎక్కువగా పైకి, అధికారంలో ఉన్నవాళ్ళ వైపు. వైస్రాయిలకీ ప్రధానులకీ ఫొటో దిగడం ఉద్యోగంలో భాగం. అక్కడ చిన్నది కెమెరా పట్టుకున్న స్త్రీయే, కెమెరా ముందున్న మనిషి కాదు. అయినా హోమాయ్ వాళ్ళ పరువుని కూడా కాపాడింది. ఇబ్బందిగా ఉన్న మనిషిని పట్టుకోవడం ఆమెకి విజయంగా తోచలేదు. పైవాళ్ళ విషయంలో ఆమె పాటించిన ఆ మర్యాద నేను కిందికి చూసేటప్పుడు ఎందుకు మర్చిపోయాను? నన్నడిగితే ఆమె చిత్రాల్లో గొప్పవి నెహ్రూవి కావు, జె.జె. కళాశాలలో చదువుకునే రోజుల్లో తీసిన సహవిద్యార్థినుల చిత్రాలు. ముఖ్యంగా రెహానా మొగల్ అనే స్నేహితురాలివి. అందులో ఇద్దరూ సమానం. ఒకతె తీస్తోంది, ఒకతె దిగుతోంది, ఇద్దరికీ సరదాగా ఉంది.

ఇక్కడ మన హైదరాబాదు సంగతొకటి చెప్పాలి. రాజా దీన్‌దయాళ్ 1892లో అక్కడ జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే కుటుంబాల స్త్రీల కోసం, ఎత్తైన గోడల మధ్య. నడిపింది మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్లేయ స్త్రీ. చరిత్రలో ఆమె ప్రస్తావన అంతా ఆ 'మిసెస్' తోటే. దాన్ని మనం ఫొటోగ్రఫీలో స్త్రీల తొలి స్థలమని సంబరంగా చెప్పుకోవచ్చు. కానీ ఆ గోడ లోపలి స్త్రీకి రక్షణా, లేక ఆమెని చూసే హక్కు తనొక్కడిదేనని ఇంటి యజమాని వేసుకున్న తాళమా? అడగకుండా చూడటం ఎంత తప్పో, ఆమె తరఫున ఇంకెవరో కాదనడమూ అంతే తప్పు. పల్లెల్లో ఫొటో అడిగితే ఆడవాళ్ళకంటే ముందు భర్తలు "ఒద్దొద్దు" అనడం నాకిప్పటికీ ఎదురవుతూనే ఉంటుంది.

నా చూపు మార్చింది మాత్రం షీబా ఛాఛీయే. ఆమె 1980లో ఢిల్లీ వరకట్న వ్యతిరేక ఉద్యమంలోకి కెమెరాతో వచ్చింది. బయటినుంచి వార్త కోసం కాదు, కార్యకర్తగా, పక్కనే నడిచే మనిషిగా. ఆ రోజుల్లో తీసిన సత్యరాణి ఫొటో ఉద్యమానికి గుర్తుగా నిలిచింది. సత్యరాణి కూతురు 1979లో, గర్భంతో ఉండగా కట్నం కోసం తగలబడిపోయింది. ఆ తల్లి ఇంకెందరో తల్లుల్ని కలుపుకుని వీధిలోకి వచ్చింది. నినాదమిస్తున్న ఆ ముఖం, ఆ ఆవేశం ఎవరినైనా కదిలిస్తుంది. పోస్టర్లకి, పుస్తకాలకి అంతకంటే ఏం కావాలి?

షీబాకి అదే బాధించింది. పదేళ్ళు తీశాక, ఈ ఫొటోలు చూసేవాళ్ళకి ఈ స్త్రీలు ఎత్తిన పిడికిలిగానే తెలుస్తున్నారు, వాళ్ళకి ఇంకే జీవితమూ లేనట్టుంది అన్న అసంతృప్తి మొదలైంది. తన ఉద్యమానికే మేలు చేస్తున్న ఫొటోల్ని తనే శంకించడం చిన్న విషయం కాదు. మనమైతే మన కవితలకి చప్పట్లు పడుతున్నప్పుడు అంత నిజాయితీగా ఆగి చూసుకుంటామా? ఆమె ఏడుగురు స్త్రీల దగ్గరికి మళ్ళీ వెళ్ళింది. ఎక్కడ కూర్చుంటారు, ఎలా కూర్చుంటారు, పక్కన ఏ వస్తువులుండాలి, మీరే చెప్పండి అంది. ఇద్దరూ కలిసి ఫొటో కట్టారు. 'సెవెన్ లైవ్స్ అండ్ ఎ డ్రీమ్' అలా వచ్చింది. సత్యరాణి 1990లో సుప్రీంకోర్టు ఆవరణలో ఫొటో దిగింది. కూతురి కోసం ఆమె దశాబ్దాలు తిరిగింది కోర్టుల చుట్టూనే మరి. 2014లో ఆమె పోయేదాకా ఆ పోరాటమే ఆమె బతుకు. కట్నానికి కూతుర్ని పోగొట్టుకున్న షాజహాన్ ఆపా తాముండే నాంగ్లోయిలో దిగింది.

పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి సత్యరాణి ఎవరి తల్లయినా కావచ్చు. రెండో సత్యరాణి ఇంకెవరూ కాలేదు. ఆమె మన వైపు చూస్తోంది, మనం చూస్తున్నామని ఆమెకి తెలుసు, ఎలా కనిపించాలో ముందే అనుకుని వచ్చింది. మా క్లబ్బు భాషలో అది 'పోజు'. నా దృష్టిలో అది వాంగ్మూలం. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవాళ్ళకి ఈ తేడా వెంటనే పట్టుబడుతుంది. తెలంగాణ పోరాటం అనగానే తుపాకీ పట్టుకున్న స్త్రీల బొమ్మ మన కళ్ళముందుంటుంది. ఆ పుస్తకంలో ఆ స్త్రీలే నోరు విప్పి, తుపాకీ దింపాక ఏమైందో, ఇంటికి పొమ్మన్నప్పుడు ఎలా ఉందో చెప్పారు. వాళ్ళ మాట విన్నాక ఆ బొమ్మని మునుపటిలా చూడలేం.

దయానితా సింగ్ కథలో నాకు బాగా దగ్గరైంది ఆమె తీయలేకపోయిన ఫొటో. 1989లో లండన్ పత్రిక ఒకటి ఢిల్లీ హిజ్రాల మీద ఫొటోలు తెమ్మని ఆమెని పంపింది. అక్కడ మోనా అహ్మద్ పరిచయమైంది, ఫొటోలు తీయనిచ్చింది. అవి లండన్‌లో అచ్చవుతాయని తెలిశాక మోనా వద్దంది. అక్కడ తన బంధువులున్నారు. దయానిత ఏం చేసిందో తెలుసా? ఫిల్ము మోనా చేతికిచ్చేసింది. పనీ పోయింది, పారితోషికమూ పోయింది. ఇది చదివినప్పుడు కల్లంలో నేను తీసిన ఫొటో, పేపరు, వియ్యాలవారు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి పుస్తకం మూసేశాను.

ఫిల్ము తిరిగిచ్చినచోట స్నేహం మొదలైంది. పదేళ్ళకి పైగా దయానిత మోనాని ఫొటోలు తీసింది. మోనా పెంచుకున్న కూతురు అయేషా పుట్టినరోజు వేడుకలు, ఆ పాప దూరమయ్యాక దుఃఖం, తాగుడు, తన హిజ్రా సమాజం నుంచి కూడా విడిపోయి శ్మశానంలో ఇల్లు కట్టుకోవడం. 2001లో వచ్చిన 'మైసెల్ఫ్ మోనా అహ్మద్' పుస్తకానికి ఆ పేరే ఒక ప్రకటన. అందులోని మాటలు మోనావే. పుస్తకం వేస్తున్న ప్రచురణకర్తకి ఉత్తరాల్లా చెప్పి రాయించినవి. తనని ఏ పేరుతో పిలవాలో, ఏ గడిలో పెట్టాలో తేల్చే అధికారం ఎవరికీ ఇవ్వని మనిషి మోనా. ఆమె విచిత్రం కాదు, విషాదం కూడా కాదు. గయ్యాళి, ప్రేమమయి, అబద్ధాలకోరు, తల్లి. ఇవన్నీ పట్టడానికి ఒక క్షణం చాలదు, అది ఎంత నిర్ణయాత్మకమైనా! 2017లో మోనా పోయేదాకా ఆ స్నేహం సాగింది. 2022లో దయానితకి హాసెల్‌బ్లాడ్ అవార్డొచ్చింది. అందరూ ఆమె కొత్త రకం పుస్తకాల గురించి, మడిచి తెరిచే మ్యూజియంల గురించి రాశారు. నాకు మాత్రం చెయ్యి చాపి ఫిల్ము ఇచ్చేస్తున్న ఇరవయ్యెనిమిదేళ్ళ అమ్మాయే కనిపిస్తుంది.

గౌరీ గిల్ వీళ్ళకంటే చిన్నది. 1999 నుంచి పశ్చిమ రాజస్థాన్ పల్లెలకి పోతూనే ఉంది. కసుంబీ దాయి అనే మంత్రసాని, తను పురుడు పోస్తుండగా ఫొటోలు తియ్యమని 2005లో తనే ఆమెని పిలిచిందట. పిలిచిందన్న మాట చూడండి. 2003లో బికనేర్ జిల్లా లూణ్‌కరణ్‌సర్‌లో ఆడపిల్లల కోసం జరిగిన 'బాలికా మేళా'లో గౌరి ఒక ఫొటో డేరా వేసింది. వచ్చి ఎవరైనా దిగొచ్చు, ఎలాగైనా దిగొచ్చు, ఎవరితోనైనా దిగొచ్చు. కొందరు ఒంటరిగా వచ్చారు. కొందరు స్నేహితురాలి చెయ్యి పట్టుకుని వచ్చారు. చేతికందిన ఏవో వస్తువులతో వేషాలు కట్టారు. నవ్వు కనిపించేది తక్కువ. నవ్వమని ఎవరూ అడగలేదు గనక కాబోలు. ఆ చూపుల్లో ఉన్నది బీదరికం కాదు, రేపు నేనేమవుతానో మీకేం తెలుసన్న పొగరు. ఆ చిత్రాల ముందు కూర్చుంటే నాకు కోటప్పకొండ తిరునాళ్ళలో వేసే ఫొటో డేరాలు గుర్తొచ్చాయి. అట్టతో చేసిన చందమామ, గుడ్డ మీద గీసిన తాజ్‌మహల్, నల్లద్దాలు అద్దెకి. మా అమ్మా పిన్నీ అలాంటి అట్ట కారులో కూర్చుని దిగిన ఫొటో మా ఇంట్లో ఉండేది. అమ్మ స్టీరింగు పట్టుకుంది. ఆమె జీవితంలో పట్టుకున్న ఏకైక స్టీరింగు అదే. దాన్ని ఎవరూ కళ అనలేదు. గౌరి అలాంటి డేరాకి ఉన్న గౌరవాన్ని మళ్ళీ చూపించింది.

అయితే ఒక పేచీ ఉంది, దాన్ని దాచను. ఈ చిత్రాలిప్పుడు విదేశాల్లో మ్యూజియం గోడల మీద ఉన్నాయి. గౌరికి 2023లో ప్రీ పిక్టే బహుమతి వచ్చింది. డేరాలో దిగిన పిల్ల తన ఫొటో తన చేతికొస్తుందని దిగింది. అది ఎక్కడెక్కడికి పోతుందో ఆ వయసులో ఊహించగలదా? మోనా లండన్ వద్దంది, ఆమెకి లండన్ ఏమిటో తెలుసు. తెలియని చోటికి ఇచ్చే అనుమతిని ఎంతవరకు అనుమతి అనొచ్చు? కలిసి చేశాం, అడిగి చేశాం అన్న మాట కూడా కళాప్రపంచంలో ఒక ముద్రగా, ఒక శైలిగా మారే ప్రమాదముంది. శైలి ఎవరైనా నేర్చుకోవచ్చు. తెల్ల గుడ్డ వెనక వేలాడదీసి, మనిషిని ఎదురుగా నిలబెట్టి, నవ్వొద్దంటే గౌరీ గిల్ ఫొటోలా ఉన్న ఫొటో వస్తుంది. పాతికేళ్ళుగా ఆ పల్లెలకి పోవడం మాత్రం అలా రాదు. మన కథల్లో దళిత స్త్రీనీ, పనిమనిషినీ రాసుకునేటప్పుడు ఈ పేచీ మనకీ ఉందని ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. కాకపోతే కథలో పేరూ ఊరూ మార్చి రాస్తాం. ఫొటోలో ముఖం మార్చలేం.

మొన్న సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. ఈసారి ముందుగా కబురు పంపి వెళ్ళాను. 'మీరు' అనడానికి నాకు రెండు మూడుసార్లు నాలుక తడబడింది. ఆమెకి నవ్వొచ్చింది. "నువ్వనే అను అమ్మగారూ, ఇప్పుడేందిది కొత్తగా" అంది. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది, కూతురి పెళ్ళికి కొన్నది. ఇంటిముందు వద్దంది. పక్కింటివాళ్ళ కొత్త డాబా మెట్లమీద కూర్చుంటానంది. పక్కన స్టూలు మీద కూతురి పెళ్ళి ఆల్బం పెట్టుకుంది. మధ్యాహ్నం ఎండ నెత్తిమీద ఉంది, కళ్ళకింద నీడలు పడతాయి, సాయంత్రం దాకా ఆగుదామన్నాను. "మళ్ళీ పనికి పోవాల" అంది. దిగింది. రెండు చేతులూ మోకాళ్ళ మీద, మెడ నిటారుగా, ఊపిరి బిగబట్టి. మా క్లబ్బువాళ్ళకి చూపిస్తే, వెలుగు బాలేదు, బ్యాక్‌గ్రౌండు గజిబిజిగా ఉంది, మొహంలో భావం లేదు అన్నారు. వెలుగు గురించి వాళ్ళన్నది నిజమే.

ఈ వ్యాసం గురించి ఆమెకి చెప్పాను. పేరు రాయనా అని అడిగాను. కాసేపు ఆలోచించి, వద్దంది. ఫొటో కూడా వేయొద్దంది. అందుకే రెండూ ఇక్కడ లేవు.

కొత్త ఫొటో రెండు కాపీలడిగింది. ఒకటి కూతురి అత్తగారింటికి పంపిందట. పాతది, ఆ బహుమతి పొందింది, పెట్టె అడుగునుంచి తీసి, నా చేతిలో పెట్టింది. "ఇది మీకాడే ఉండనీయండి. మీరు తీసుకున్నదే గదా" అంది. నా బల్ల సొరుగులో, సర్టిఫికెట్టు కింద ఉంది.